మా ఇంట్లో అందరికీ ఇంతే

ఈ పూట నిద్ర గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఎన్ని గంటలు పడుకోవాలి, పడుకునే ముందు పాలు తాగాలా వద్దా లాంటి సలహాలు మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు. ఇవాళ్టి సంగతి వేరు. నిద్రకు సంబంధించిన జబ్బులు కొన్ని కుటుంబాల్లో తరం నుంచి తరానికి దిగివస్తుంటాయి. గురక పెట్టే ఇల్లు ఉంటుంది. నిద్రలో లేచి నడిచే ఇల్లు ఉంటుంది. రాత్రయితే కాళ్లు లాగే ఇల్లు ఉంటుంది. అలాంటి ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి, డాక్టరుకు చూపించుకున్నారా అని. ‘ఎందుకండీ, మా ఇంట్లో అందరికీ ఇంతే’ అంటారు. మా నాన్నకీ ఇంతే, మా మేనత్తకీ ఇంతే. ఆ మాటతో ఆ సంగతి అక్కడితో సరి. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ మాట దగ్గర ఆగిపోకూడదు, ఆ మాట పట్టుకునే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో ఇంకొకరికి ఉందన్న కబురు వైద్యుడికి చాలా విలువైన ఆచూకీ. మనమేమో దాన్ని ఆస్పత్రికి వెళ్లకపోవడానికి సాకుగా వాడుకుంటున్నాం. మన పురాణాల్లో అందరికన్నా పేరున్న నిద్రపోతు కుంభకర్ణుడు. ఆయనది మాత్రం వంశం నుంచి వచ్చిన నిద్ర కాదు, బ్రహ్మ దగ్గర తెచ్చుకున్నది. అన్న రావణుడికి గానీ తమ్ముడు విభీషణుడికి గానీ అది లేదు. ఏ వైద్యుడైనా రాసుకుంటే ‘కుటుంబంలో ఇంకెవరికీ లేదు’ అనే రాసుకోవాలి. మన ఇళ్లలో సంగతి అలా కాదు.

ముందుగా మీకు రాగల సందేహం ఒకటుంది. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు ఒకే వేళకు తింటారు. ఒకే టీవీ చూస్తారు. ఒకే డికాక్షన్ తాగుతారు. తండ్రి పెందలాడే పడుకుంటే పిల్లలకూ అదే అబ్బుతుంది. అది ఇంటి అలవాటు గానీ వంశం ఎందుకవుతుంది? న్యాయమైన సందేహమే. దీనికి జవాబు అమెరికాలో యూటా రాష్ట్రం నుంచి వచ్చింది. అక్కడ ఒక పెద్దావిడ నిద్ర వైద్యుల దగ్గరికి వచ్చింది. ఆమె బాధ ఏమిటంటే, సాయంత్రం దీపాలు పెట్టే వేళకే కళ్లు మూతలు పడిపోతాయి. తెల్లవారడానికి చాలా ముందే మెలకువ వచ్చేస్తుంది. ఇక నిద్ర పట్టదు. ఇల్లంతా పడుకుని ఉంటే తనొక్కతే లేచి కూర్చోవాలి. విచారిస్తే ఆమె బంధువుల్లో చాలామంది అంతే. ఇలాంటి కుటుంబాలు మరో రెండు దొరికాయి. వైద్యులు ఆమెను కొన్నాళ్లు గడియారం లేని, సూర్యుడి వెలుతురు సోకని గదిలో ఉంచి చూశారు. పగలో రాత్రో ఆమెకు తెలియదు. పడుకోమని చెప్పేవాళ్లు లేరు, లేవమని చెప్పేవాళ్లు లేరు. మనందరి ఒంట్లోనూ ఒక గడియారం ఉంటుంది. అది ఇంచుమించు 24 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆమెలో ఆ చుట్టు 23 గంటల పైచిలుకుకే అయిపోతోంది. అంటే రోజూ కాస్త ముందుకు జరుగుతోందన్న మాట. ఈ సంగతి 1999లో ప్రచురించారు. 2001లో ఆ కుటుంబంలో తేడా ఎక్కడుందో కూడా దొరికింది. పెర్ 2 అనే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. ఈగల్లో ఇలాంటి గడియారపు జన్యువును అమెరికాలోనే కోనోప్కా, బెంజర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1971లోనే గుర్తించారు. పండు మీద వాలే చిన్న ఈగలో ఉన్నదే కాస్త రూపు మార్చుకుని మనిషిలోనూ ఉంది. ఈగ గడియారం ఎలా నడుస్తుందో విప్పి చెప్పిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. గడియారం లేని గదిలో కూడా ఆ పెద్దావిడకు నిద్ర ముందుగానే వచ్చిందంటే, దాన్ని ఇంటి అలవాటు అని కొట్టిపారేయలేం కదా.

ఇది ఒక కుటుంబం కథ. మామూలు జనంలో సంగతేమిటి? దానికి శాస్త్రవేత్తలు కవలలను ఆశ్రయిస్తారు. కవలలు రెండు రకాలు. ఒకరకం అచ్చుగుద్దినట్టు ఉంటారు, జన్యువులు దాదాపు ఒక్కటే. రెండో రకం మామూలు అన్నదమ్ముల్లాగే, సగం కలుస్తాయి, సగం కలవవు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే తల్లి చేతి వంట తిని పెరిగినవాళ్లే. కాబట్టి ఇంటి అలవాటే కారణమైతే రెండు రకాల కవలల్లోనూ పోలిక ఒకేలా ఉండాలి. అలా లేదు. నిద్రలేమి గానీ, నిద్రలో నడక గానీ, అచ్చుగుద్దిన కవలల్లోనే ఎక్కువగా కలుస్తోంది. కెనడాలో క్విబెక్ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన ఒకటి 2015లో వచ్చింది. తల్లిదండ్రులిద్దరికీ నిద్రలో నడిచే చరిత్ర లేకపోతే పిల్లల్లో సుమారు 22 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు నిద్రలో నడిచారు. ఒకరికి ఉంటే 47 శాతం. ఇద్దరికీ ఉంటే 61 శాతం. అంకెలు మరిచిపోయినా పరవాలేదు, వాటి వెనకున్నది గుర్తుంచుకోండి. ఎవరికీ లేని ఇంట్లో ఐదుగురిలో ఒకరు. ఇద్దరికీ ఉన్న ఇంట్లో ఐదుగురిలో ముగ్గురు. ఇందులో ఇంకో సంగతి కూడా దాగి ఉంది, వినండి. ఇద్దరికీ ఉన్నా, ఐదుగురిలో ఇద్దరు పిల్లలు హాయిగా పడుకున్నారు. వాళ్లకు ఏమీ రాలేదు. అన్నట్టు, నడిచే పిల్లల్లో చాలామందికి పెద్దయ్యేసరికి అదే పోతుంది. వాళ్లను కొట్టి లేపనక్కర్లేదు, చెయ్యి పట్టుకుని మెల్లగా పక్క మీదికి తీసుకొస్తే చాలు. మేడ మీద తలుపుకు గడియ మాత్రం పిల్లవాడికి అందని ఎత్తున పెట్టించండి.

ఆ ఐదుగురిలో ఇద్దరి సంగతి ఇంకాస్త చూడాలి. నా వాదనకు అదే మూలం. నార్కోలెప్సీ అని ఒక జబ్బుంది. పట్టపగలు, మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రలోకి జారిపోతారు. కొందరికి నవ్వు వచ్చినా, సంతోషం పట్టలేకపోయినా మోకాళ్లలో పట్టు సడలి కూలబడిపోతారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ జబ్బున్న డాబర్‌మన్ కుక్కలను పెంచి చూశారు. ఇష్టమైన తిండి ముందు పెడితే చాలు, ఎగిరి గంతేయాల్సిన కుక్క కాళ్లు ముడుచుకుని నేల మీద వాలిపోయేది. కుక్కల్లో ఈ జబ్బుకు కారణం ఒకే ఒక జన్యువు. 1999లో అది దొరికింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ చెడ్డవే వచ్చిన కుక్కపిల్లకు జబ్బు తప్పదు. మరి మనుషుల్లో? మనిషిలో అంత సూటిగా లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లలో చాలామందికి రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఒక రకం జన్యువు ఉంటుంది. అయితే ఆ జన్యువే ఏ జబ్బూ లేని కోట్లాది మందిలోనూ ఉంది. అచ్చుగుద్దిన కవలల్లో ఒకరికి జబ్బు ఉంటే రెండోవారికి వచ్చేది మూడో వంతు కేసుల్లో కూడా కాదు. అంటే జన్యువు ఒక్కటే చాలదు. ఇంకేదో కావాలి. 2009లో ప్రపంచమంతా స్వైన్ ఫ్లూ వచ్చింది, గుర్తుందా? ఆ తర్వాతి నెలల్లో చైనాలో ఈ నిద్ర జబ్బు కొత్తగా పట్టుకున్న పిల్లలు ఎక్కువయ్యారు. వంశం నుంచి వచ్చింది ఎండిన గడ్డివాము. దాని మీద నిప్పురవ్వ పడాలి. పడకపోతే గడ్డివాము గడ్డివాములాగే ఉండిపోతుంది.

ఇది రేడియో. పేజీ వెనక్కి తిప్పి చూసుకోవడానికి లేదు. కాబట్టి మళ్లీ చెబుతున్నాను. వంశం నుంచి చాలాసార్లు మనకు వచ్చేది జబ్బు కాదు, జబ్బుకు లొంగే గుణం. నిప్పురవ్వను ఆపగలిగితే జబ్బును కూడా చాలావరకు ఆపగలం. ఇది వట్టి మాట కాదనడానికి మన ఇళ్లకు బాగా దగ్గరైన ఉదాహరణ ఉంది. కాళ్లు లాగడం. తెలంగాణలో కాళ్లు గుంజుతున్నాయంటారు, ఇంకొన్ని చోట్ల పీకుతున్నాయంటారు. పగలంతా పని చేసినంతసేపు ఏమీ ఉండదు. చీకటి పడి, నడుం వాల్చగానే మొదలవుతుంది. పిక్కల్లోపల ఏదో పాకుతున్నట్టు, ఎవరో లోపల్నుంచి లాగుతున్నట్టు. నొప్పి అందామంటే నొప్పి కాదు, తిమ్మిరి అందామంటే తిమ్మిరి కాదు. కాలు కదిపితే హాయి. ఆపితే మళ్లీ మొదలు. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, పడుకుంటే వస్తుంది. రాత్రి బస్సు ప్రయాణమంటే వీళ్లకు శిక్షే. ఇంట్లో పెద్దావిడ తువ్వాలు తీసి పిక్కలకు బిగించి కట్టుకుంటుంది. మనవణ్ణి పిలిచి కాళ్ల మీద నిలబడి తొక్కమంటుంది. కాళ్లెత్తి గోడకు ఆనిస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినా ‘కాళ్ల నొప్పులు’ అనే చెబుతుంది. ఆయన నరాల బలహీనత అనుకుని బలం మాత్రలు రాసి పంపిస్తాడు. తప్పు ఆయనదీ కాదు, ఆవిడదీ కాదు. రాత్రిపూటే వస్తుందనీ, కదిపితే తగ్గుతుందనీ, వాళ్లమ్మకూ అలాగే ఉండేదనీ ఎవరూ చెప్పలేదు. ఆ మూడు ముక్కలు చెబితే జబ్బు పేరు అక్కడే తేలిపోయేది.

ఈ జబ్బును 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బోమ్ వివరంగా రాశాడు. దీని ఇంగ్లీషు పేరు రెస్ట్‌లెస్ లెగ్స్, అంటే కుదురులేని కాళ్లు. ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి, కొన్ని లెక్కల్లో అంతకన్నా ఎక్కువ మందికి, కుటుంబంలో ఇంకొకరికి ఉంటుంది. 2007లో ఐస్‌లాండ్ నుంచీ జర్మనీ నుంచీ వచ్చిన పరిశోధనల్లో దీనికి సంబంధించిన జన్యువులు బయటపడ్డాయి. ఐస్‌లాండ్ వాళ్లు ఇంకో సంగతి కూడా గమనించారు. ఆ జన్యు రూపం ఉన్నవాళ్ల ఒంట్లో ఇనుము నిల్వలు కాస్త తక్కువగా ఉన్నాయి. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. జన్యువును మార్చలేం. ఇనుమును మాత్రం మార్చగలం. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అమ్మమ్మ నుంచి లొంగే గుణం వచ్చింది. పై నుంచి రక్తహీనత తోడైంది. గర్భంతో ఉన్నప్పుడు అది ఇంకా పెరిగింది. అందుకే చాలామందికి ఈ బాధ కడుపుతో ఉన్నప్పుడే మొదటిసారి కనిపిస్తుంది. ఫెరిటిన్ అనే రక్తపరీక్ష ఉంది, అది ఇనుము నిల్వల్ని చెబుతుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ తక్కువగా ఉండొచ్చు. తక్కువుంటే డాక్టరు సలహాతో ఇనుము ఇస్తారు, చాలామందికి బాధ తగ్గుతుంది. పరీక్ష చేయించకుండా సొంతంగా ఐరన్ మాత్రలు మింగొద్దు, ఒంట్లో ఇనుము ఎక్కువైనా ప్రమాదమే. డాక్టరు రాసిన మాత్రను టీతో పాటు మాత్రం వేసుకోకండి, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. జలుబుకని వేసుకునే నిద్రమత్తు మాత్రలు, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు కూడా ఈ బాధను పెంచుతాయి. ఏవి వాడుతున్నారో డాక్టరుకు చెప్పండి. వంశం నుంచి వచ్చిందన్న బాధకు మందు ఇంత దగ్గర్లో ఉంది. ‘మా ఇంట్లో అందరికీ ఇంతే’ అని ఊరుకున్న ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లు తువ్వాలు కట్టుకుని తెల్లవార్లూ నడుస్తూనే ఉన్నారు.

గురక సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. తండ్రికో అన్నకో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే, మనకూ వచ్చే అవకాశం మామూలు వాళ్లకన్నా ఇంచుమించు రెట్టింపు. వంశం నుంచి గురక రాదు. దవడ ఆకారం వస్తుంది, మెడ దగ్గర కొవ్వు చేరే తీరు వస్తుంది. చిన్న దవడ, వెనక్కి జారే నాలుక, ఇరుకైన గొంతు. మన దేశస్థుల్లో మరీ లావు లేనివాళ్లకూ ఈ జబ్బు వస్తోంది. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా నిశ్శబ్దం, పది సెకన్లో ఇంకా ఎక్కువో ఊపిరి లేదు, ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరై గట్టిగా పీల్చడం. రాత్రంతా ఇదే. పొద్దున తలనొప్పి, పగలు కునికిపాట్లు, బీపీ ఎన్ని మాత్రలకూ లొంగదు. లారీ నడిపేవాళ్లకు, బస్సు నడిపేవాళ్లకు ఇది వాళ్ల ఒక్కరి సమస్య కూడా కాదు. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి మందు తాగడం మానడం, అవసరమైతే ముక్కుకు మాస్కు పెట్టి గాలి అందించే యంత్రం. ఇవన్నీ పనిచేసేవే. మన ఇళ్లలో గురకను గాఢనిద్రకు గుర్తుగా చెప్పుకుంటారు. ‘ఆయన పడుకుంటే ఇల్లు దద్దరిల్లాల్సిందే’ అని నవ్వుతూ చెబుతారు. తాత కూడా అంతేనని చెబుతారు. తాత ఏ వయసులో, దేనివల్ల పోయాడో కూడా అడిగి చూడండి.

ఇంకొక ఉదాహరణ. ఇది అరుదైనదే, కానీ మన దగ్గర దీన్ని ఎక్కడెక్కడికో తీసుకెళతారు కాబట్టి చెప్పక తప్పదు. పిల్లవాడు పడుకున్న కాసేపటికి ఒక్కసారి అరుస్తూ లేస్తాడు. చేతులు బిగుసుకుంటాయి, కళ్లు తెరిచే ఉంటాయి, ఒళ్లు మెలికలు తిరుగుతుంది. నిమిషం లోపే అయిపోతుంది. రాత్రికి నాలుగైదు సార్లు, రోజూ ఇంచుమించు అదే తీరు. పీడకల అంటారు. గాలి సోకిందంటారు. తాయెత్తు కడతారు. వాళ్ల నాన్నకూ చిన్నప్పుడు ఇలాగే ఉండేదని తెలిస్తే, ఆ ఇంటికేదో పట్టిందని తీర్మానిస్తారు. ఆస్ట్రేలియాలో ఒక పెద్ద కుటుంబంలో తరతరాలుగా ఇలాగే ఉండేది. వాళ్లలో కొందరిని పీడకలలని, మానసిక సమస్యలని ఏళ్ల తరబడి తిప్పారు. తీరా చూస్తే అది నిద్రలో మాత్రమే వచ్చే ఒక రకం మూర్ఛ. దానికి కారణమైన జన్యువు 1995లో దొరికింది. మూర్ఛ జబ్బుల్లో మొట్టమొదట దొరికిన జన్యువుల్లో అదొకటి. చాలామందికి మామూలు మూర్ఛ మందులకే తగ్గిపోతుంది. మన దగ్గర ఆ ఇంటికి ఏదో పట్టిందన్న మాట ఒక విధంగా నిజమే. వైద్యుడు దాన్ని విని ఉంటే ఎప్పుడో తగ్గేది. చుట్టుపక్కల వాళ్లు విని తాయెత్తు కట్టారు.

ఇక మామూలు నిద్రలేమి. పక్క మీద దొర్లడం, తెల్లవారుజామున మెలకువ రావడం. దీని గురించి 2019లో 13 లక్షల మందిని పరిశీలించిన పెద్ద పరిశోధన వచ్చింది. అందులో ఉన్నది యూరప్ సంతతి వాళ్లే. ఈ రంగంలో అది పెద్ద లోటు. ఆ పరిశోధనలో నిద్రలేమితో సంబంధమున్న జన్యుస్థానాలు రెండు వందలకు పైగా దొరికాయి. ఒక్కొక్కదాని ప్రభావం మాత్రం పిసరంత. మొత్తం మీద మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సగం కన్నా కాస్త తక్కువే జన్యువుల వాటా. మిగిలిన పెద్ద వాటా బతుకుది. అప్పుల దిగులు, రాత్రి డ్యూటీలు, చేతిలో ఫోను. అందుకే ఈ నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదు, నిద్ర అలవాట్లనూ దాని గురించిన భయాన్నీ సరిదిద్దే మాటల వైద్యం. అమ్మకూ అమ్మమ్మకూ నిద్రలేమి ఉన్నవాళ్లు కూడా దీన్ని నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు. ఇంటర్నెట్‌లో కొందరు ఒక భయంకరమైన జబ్బు గురించి చదివి బెంబేలెత్తుతుంటారు. ఇటలీలో వెనిస్ ప్రాంతపు కుటుంబం ఒకటుంది. అందులో నడివయసు రాగానే కొందరికి నిద్ర పూర్తిగా పోయి, నెలల్లో ప్రాణం పోతుంది. 1986లో బొలోన్యా వైద్యులు దాన్ని వివరించారు. అది నిజమే. ప్రపంచం మొత్తం మీద లెక్కపెట్టగలిగినన్ని కుటుంబాల్లోనే ఉంది. వారం రోజులుగా నిద్ర పట్టనివాళ్లకు ఆ జబ్బుతో ఏ సంబంధమూ లేదు. ఆ మాట నమ్మి పడుకోండి.

ఇప్పుడు ఇంకో అభ్యంతరం. ఇది పెద్దవాళ్ల నుంచి వస్తుంది. ‘అన్నిటికీ జన్యువులంటే ఎట్లా? పదింటికి లేచే కుర్రాడికి మీరే సాకు అందిస్తున్నారు’ అంటారు. దీన్ని తేలిగ్గా తీసెయ్యను. పొద్దుపోయేదాకా ఫోను చూసి పొద్దున లేవలేనివాడికి జన్యువు సాకు కానే కాదు. పైగా కుర్రకారుకు ఆ వయసులో ఒంటి గడియారం సహజంగానే కాస్త వెనక్కి జరుగుతుంది. అది జబ్బు కాదు. ఆ సంగతి పట్టని ఇంటర్ హాస్టళ్లు తెల్లవారకముందే స్టడీ అవర్లకు లేపడం గురించి విడిగా ఒక ప్రసంగం చెప్పాలి. అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. యూటా కుటుంబంలో గడియారం ముందుకు పరుగెత్తినట్టే, కొన్ని కుటుంబాల్లో వెనక్కి లాగుతుంది. తుర్కియే దేశపు కొన్ని కుటుంబాల్లో క్రై 1 అనే జన్యువులో అలాంటి తేడా ఉన్నట్టు 2017లో తేలింది. అలాంటివాళ్లు ఫోను పక్కన పడేసి, దీపాలార్పి పది గంటలకే పడుకున్నా రెండింటి దాకా నిద్ర రాదు. సెలవుల్లో తమ వేళకు పడుకోనిస్తే ఎనిమిది గంటలు హాయిగా నిద్రపోయి చురుగ్గా లేస్తారు. బద్ధకస్తుడికీ వీళ్లకూ తేడా అక్కడ తెలుస్తుంది. వీళ్లను తిట్టి లేపితే నిద్ర చాలక చదువు పోతుంది. లేవగానే ఎండలో నిలబెట్టి, సాయంత్రం వెలుతురు తగ్గించి, వైద్యుడి పర్యవేక్షణలో వేళను మెల్లమెల్లగా ముందుకు జరిపితే చదువు నిలుస్తుంది. కారణం తెలుసుకోవడం సాకు వెతుక్కోవడం కాదు. ఏ కిటుకు ఎవరికి పనిచేస్తుందో కారణం తెలిస్తేనే తెలుస్తుంది.

మరొక భయం ఉంది. ఎవరూ పైకి అనరు. ఇంట్లో ఇలాంటి జబ్బు ఉందని బయటపడితే సంబంధాలు చెడిపోతాయని. అంతకన్నా అన్యాయం, ‘ఇది నీ పుట్టింటి నుంచి తెచ్చిందే’ అని కోడలిని దెప్పడం. దీనికి శాస్త్రం దగ్గర సూటి జవాబుంది. పిల్లలకు జన్యువులు అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం. నిద్రలేమి, గురక, కాళ్లు లాగడం లాంటివి ఒక్క జన్యువుతో వచ్చేవి కావు. అటునుంచీ ఇటునుంచీ చిన్న చిన్న వాటాలు కలిసి వచ్చేవి. నేరం మోపడానికి ఇందులో దొంగ ఎవరూ లేరు. మేనరికం వల్ల వచ్చిందా అని కొందరు అడుగుతారు. మేనరికంతో పెరిగే జబ్బులు వేరు, తల్లి వైపు ఒక లోపం, తండ్రి వైపు అదే లోపం కలిస్తేనే అవి బయటపడతాయి. యూటా కుటుంబం లాంటి వాటికి ఒక వైపు నుంచి వస్తే చాలు. నిద్ర జబ్బుల నింద మేనరికం మీద వేయడానికి ఆధారం లేదు. మేనరికం వద్దనడానికి వేరే బలమైన కారణాలు ఎలాగూ ఉన్నాయి. ఇక ఉమ్మి పంపిస్తే జాతకం చెబుతామనే జన్యు పరీక్షలు. మామూలు నిద్ర జబ్బులకు వాటి మీద డబ్బు తగలేయకండి. ఒక్కొక్క జన్యువు ప్రభావం పిసరంత అని చెప్పుకున్నాం కదా. మీ పెద్దమ్మను అరగంట కూర్చోబెట్టి అడిగితే అంతకన్నా ఎక్కువ తెలుస్తుంది, కాఫీ ఖర్చుతో పోతుంది.

కాబట్టి అడగండి. పండక్కి అందరూ కలిసినప్పుడు అడగండి. నాన్న వైపూ అడగండి, అమ్మ వైపూ అడగండి. గురక మధ్యలో ఊపిరి ఆగేది ఎవరికి? రాత్రి కాళ్లు తొక్కించుకునేది ఎవరు? నిద్రలో లేచి నడిచింది ఎవరు, ఏ వయసు దాకా? పగలు మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు పడేది ఎవరికి? పెద్దవాళ్లకు ఇవన్నీ గుర్తుంటాయి, ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. ఒక కాగితం మీద రాసుకోండి. పగటిపూట నిద్ర ఆగకపోయినా, గురకలో ఊపిరి ఆగుతున్నా, వారానికి మూడు రాత్రులు నిద్ర చెడుతూ నెలలు గడుస్తున్నా, ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా మాత్రం వెళ్లకండి. మీ గురక మీకు వినపడదు, నిద్రలో మీరేం చేస్తారో మీకు తెలియదు. మీ పక్కన పడుకునేవాళ్లను వెంట తీసుకెళ్లండి, డాక్టరు అడిగిన ప్రశ్నల్లో సగానికి జవాబు వాళ్ల దగ్గరే ఉంటుంది.